గొయ్యి గోడ ఎందుకు కూలుతుంది?

మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది అమ్మానాన్నలు హైదరాబాదుకో, చెన్నైకో భవనాల పనులకు వలస వెళ్లినవాళ్లే. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎంతోమంది. ఆ ప్రమాదం విచారణ సంగతి ఇక్కడ రాయడం లేదు. కానీ ఏ భవనమైనా పునాది గొయ్యితోనే మొదలవుతుంది. ఆ గోతిలోకి ముందుగా దిగేది మనవాళ్లే. అందుకే ఆ మట్టి బలాన్ని ఎలా కొలుస్తారో, సివిల్ చదివిన మేం నాలుగు మాటలు చెప్పదలిచాం.

వస్తువును లాగితే తెగుతుంది, నొక్కితే నలుగుతుంది. ఒక భాగం మీద నుంచి మరో భాగం జారిపోతే దాన్ని షియర్ అంటారు. కత్తెర కాగితాన్ని కోసేది ఇలాగే. జారకుండా నిలబడే శక్తే షియర్ బలం. ఇనుప కడ్డీ అయితే మిషన్లో పెట్టి కోసి, పట్టిన బలాన్ని తెగిన వైశాల్యంతో భాగిస్తే సరిపోతుంది. మట్టి అలా కాదు. పైన బరువు పెరిగేకొద్దీ దాని బలమూ పెరుగుతుంది. ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ 1776లో అచ్చైన వ్యాసంలో ఈ సంగతి రాశాడు. మన ఫిజిక్సు పుస్తకంలో విద్యుదావేశాల పాఠంలో వచ్చే కూలుంబ్ ఆయనే!

పరీక్షకు 6 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న లోహపు పెట్టె వాడతారు. అది అడ్డంగా రెండు సగాలుగా ఉంటుంది. మట్టి నింపి, పైన బరువు పెట్టి, ఒక సగాన్ని మెల్లగా పక్కకు జరుపుతారు. ఎంత బలం పడుతోందో డయల్ ముల్లు చూపిస్తుంది. ముల్లు ఇక పెరగకపోతే మట్టి తెగినట్టే. బరువు మార్చి మళ్లీ మళ్లీ చేయాలి. ఎండు ఇసుకకు ఉదాహరణ లెక్క చూడండి: 18 కిలోల బరువు పెడితే 11 కిలోల బలానికి, 36 పెడితే 22కు, 54 పెడితే 33కు జారిందనుకుందాం. గ్రాఫు గీస్తే గీత సున్నా నుంచి మొదలై దాదాపు 31 డిగ్రీల వాలులో పోతుంది. నాగావళి ఒడ్డున ఎండిన ఇసుక కుప్ప వాలు చూడండి, ఇంచుమించు అంతే ఉంటుంది.

బంకమట్టికి గీత సున్నా దగ్గర మొదలవదు. పైన బరువు లేకపోయినా కొంత పట్టు ఉంటుంది. గొయ్యి గోడ నిటారుగా నిలిచేది ఈ పట్టు వల్లే. తడి ఇసుకకూ పట్టున్నట్టే కనిపిస్తుంది. అది రేణువుల మధ్య ఉన్న కాస్త నీటి చలవ. ఎండినా పోతుంది, నీళ్లు నిండినా పోతుంది. పొద్దున్న నిలిచిన గోడ సాయంత్రానికి కూలేది ఇందుకే. "నిన్న కూడా దిగాం కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఒక ఘనమీటరు మట్టి సుమారు 1,800 కిలోలు తూగుతుంది. ఛాతీ దాకా కప్పేస్తే తల బయట ఉన్నా ఊపిరాడదు. 1.5 మీటర్లు దాటిన గోతికి పలకలు, దుంగలతో ఆనింపు కట్టాలని, తవ్విన మట్టిని అంచున పోయకూడదని ఐఎస్ 3764 అనే భారత ప్రమాణం చెబుతోంది. ఖర్చని కట్టించనివాళ్లు ఉన్నారు. అడిగితే పని పోతుందని మనవాళ్లు అడగరు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు గొయ్యి ఎంత లోతో, ఆనింపు కట్టారో లేదో నాన్నని అడగండి. అంచు వెంబడి నేల మీద బీట కనిపిస్తే మట్టి జారడం మొదలైనట్టేనని, వెంటనే అందరూ పైకి వచ్చేయాలని చెప్పండి.