రెక్క మీద చుక్కలెన్ని?

ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడి పక్కనున్న సప్తగోదావరి గుండం మెట్ల మీద పొద్దున్నే కూర్చుంటే, ముందుగా కంటపడేవి తూనీగలే. నారింజ రంగుది ఒకటి రాతి అంచున వాలుతుంది, లేచి ఒక చుట్టు తిరుగుతుంది, మళ్లీ ఆ రాతి మీదికే వస్తుంది. దాన్ని ఫోటో తీయడానికి అర నిమిషం చాలు. పేరు చెప్పాలంటే మాత్రం ఆ ఫోటోలో రెక్కలు విడివిడిగా, పూర్తిగా కనిపించాలి. మగదాని రెక్కల మీద నారింజ పూత మొదలు నుంచి పాకుతూ వచ్చి, కొసకు కాస్త ముందే ఆగిపోతుంది. ఆ ఆగిన చోటు కనిపిస్తే అది బ్రాకీథెమిస్ కంటామినేటా అని ధైర్యంగా రాసుకోవచ్చు. అందులో కంటామినేటా అన్న మాట 1793లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పెట్టింది. మురికి పట్టిన నీళ్లలోనూ పెరిగే తూనీగ కాబట్టి ఊళ్ల చెరువుల్లో, మురుగు కాలువల్లో కూడా ఇదే ఎక్కువగా కనబడుతుంది.

కీటకం పేరు దాని ఒళ్లంతా పరుచుకుని ఉండదు. ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఒకదానికి రెక్క, ఒకదానికి మీసం, ఇంకొకదానికి వెనక కాలి చివర. అందమైన ఫోటోలో ఆ చోటు పడకపోతే అది బొమ్మ మాత్రమే. కాస్త మసకగా ఉన్నా ఆ చోటు పడిన ఫోటో సాక్ష్యమవుతుంది.

గుండం వదిలి ఊరి బయటి వరిచేల గట్టెక్కితే ఈ మాట వెంటనే అర్థమవుతుంది. సార్వా ఊడ్పులయ్యాక చేల మీద నెమ్మదిగా, తేలుతున్నట్టు ఎగిరే చిన్న తూనీగలు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదాని రెక్కలు మొదట్లో నీలి మెరుపున్న నలుపు, ఆ పక్కనే పాలతెలుపు పట్టీ, కొస అద్దంలా తేట. రెండోదాని రెక్కల మొదలు పసుపు, నడుమ నల్ల మచ్చ, కొస మళ్లీ నలుపు. కొత్తగా చూసే ఎవరైనా రెండు జాతులని రాసుకుంటారు. నిజానికి అవి ఒకే జాతి, న్యూరోథెమిస్ టులియా. మొదటిది మగది, రెండోది ఆడది. ఇంగ్లిషు పేరులోనూ వరిచేను ఉంది.

కాలువ గట్టున జిల్లేడు చెట్ల దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతి చూడొచ్చు. నారింజ రంగు రెక్కలు, ముందు రెక్క కొస నల్లగా ఉండి అందులో తెల్లటి పట్టీ. అలాంటి సీతాకోకచిలుకలు రెండు ఒకే కొమ్మ చుట్టూ తిరిగితే ఒకే జాతి అనుకుంటాం. ఒకటి డనాయస్ క్రిసిప్పస్. దాని గొంగళిపురుగు జిల్లేడు ఆకు తింటుంది, ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ ముట్టదు. రెండోది హైపోలిమ్నాస్ మిసిప్పస్ ఆడది. దీని పిల్లలు తినేది గంగపావిలి కూరలాంటి మొక్కల్ని. ఒంట్లో విషం లేదు. విషమున్న దాని వేషం వేసుకుని బతికిపోతుంది. పక్షిని మోసం చేసిన వేషం మనల్నీ మోసం చేస్తుంది. విప్పే గుర్తు వెనక రెక్క మీద ఉంది. అసలుదానికి వెనక రెక్క నడుమ చిన్న నల్ల చుక్కలు మూడు (మగదానికైతే అదనంగా ఇంకో మచ్చ) ఉంటాయి. వేషధారికి రెక్క ముందంచు దగ్గర ఒక్క చుక్కే. రెక్కలు విప్పినప్పుడు పైనుంచి తీసిన ఫోటో ఒక్కటి ఉంటే చాలు, చుక్కలు లెక్కపెట్టి చెప్పేయొచ్చు.

కొన్ని గుర్తులు ఇంతకంటే తేలిక. తొలకరిలో ఎర్ర మఖమల్ ముక్కల్లా తిరిగే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు, కాబట్టి అది కీటకమే కాదు, సాలీళ్ల బంధువు. పూల మీద తేనెటీగలా చారలతో గాలిలో నిలబడే దానికి రెండే రెక్కలుంటే అది ఈగ. తేనెటీగకు నాలుగు.

ఫోటో తీసే పద్ధతంతా ఈ గుర్తుల చుట్టూనే తిరుగుతుంది. కీటకానికి దగ్గరయ్యే కొద్దీ స్పష్టంగా పడే పొర సన్నబడుతుంది. కన్ను తేటగా వస్తే తోక మసకబారుతుంది. అందుకే ఫోన్‌ను కీటకం ఒంటికి సమాంతరంగా పట్టుకోవాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వీలైతే ముఖం ఒకటి, అది కూర్చున్న మొక్క ఒకటి. క్లిప్పుతో బిగించే చిన్న మాక్రో లెన్సు ఫోన్‌కు ఉంటే మరీ మంచిది. తెల్లటి థర్మోకోల్ ముక్కను నీడ వైపు అడ్డుపెడితే వెలుగు సర్దుకుంటుంది. అన్నిటికంటే సాయపడేది పొద్దుటి చల్లదనం. కీటకాలకు ఒంట్లో సొంత వేడి పెద్దగా ఉండదు. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కే దాకా, మంచు బొట్లతో సహా, కదలకుండా కూర్చుంటాయి. ఎనిమిది దాటితే అవే తూనీగలు చేతికి అందవు. మన నీడ మీద పడితే ఎగిరిపోతాయి కాబట్టి సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని నడవకూడదు.

కెమెరాలు లేని కాలంలో ఈ పని ఎలా జరిగిందో చెప్పే చరిత్ర ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. కాకినాడ జగన్నాథపురంలో 1785 జూన్‌లో యోహాన్ కోనిగ్ అనే వైద్యుడు జిగట విరేచనాలతో చనిపోయాడు. జీవులకు రెండు మాటల పేర్ల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దగ్గర చదువుకుని, 1768లో తమిళ తీరంలోని తరంగంబాడి చేరి, మన తీరమంతా మొక్కలూ పురుగులూ సేకరించిన మనిషి ఆయన. చెదపురుగుల జీవితం మీద 1779లోనే వ్యాసం అచ్చు వేశాడు. ఆయన పంపిన కీటకాలకు ఫాబ్రీషియస్ పేర్లు పెట్టాడు. గడ్డి చాటున తిరిగే పసుపు పొట్ట సన్న తూనీగకు 1798లో ఫాబ్రీషియస్ పెట్టిన పేరులో కోరమాండల్ తీరం పేరే ఉంది. ఇప్పుడు దాన్ని సెరియాగ్రియాన్ కోరమాండలియానమ్ అంటారు.

కోనిగ్‌కు చివరి రోజుల్లో వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్. 1789 నవంబరులో కొండల నుంచి తాజా లక్క అంటిన కొమ్మలు ఆయన దగ్గరికి వచ్చాయి. పైకి చూస్తే గట్టి జిగురు పెంకు తప్ప ఏమీ లేదు. ఆయన కొమ్మల్ని దాచి, ఆగాడు. రెండు వారాలకు కంటికి ఆనని పురుగులు వేలకు వేలు పాకుతూ బయటికొచ్చాయి. వాటిని గీసి, వర్ణించి రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. కంటికి కనిపించేదాంట్లో పేరు దొరకనప్పుడు పెంచి చూడాలన్న పాఠం సామర్లకోటలోనే ఉండగా మనం ఎక్కడెక్కడో వెతుకుతున్నామనిపిస్తుంది నాకు.

ఇదంతా కాలక్షేపం కాదని చెప్పేది వరిచేను. డెల్టా రైతు గుండెలో దడ పుట్టించే పురుగు సుడిదోమ. ఆకుల మీద కనిపించదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి ఎన్ని ఫోటోలు తీసినా ఒక్కటీ పడదు. దుబ్బులను పాయ తీసి, వంగి, మొదళ్లను తీయాలి. దాని కుటుంబం గుర్తు వెనక కాలి పిక్క చివర ఉండే కదిలే ముల్లు. ఒకే జాతిలో పొడుగు రెక్కలవీ పొట్టి రెక్కలవీ ఉంటాయి. పొడుగు రెక్కలవి ఎగిరొచ్చి చేరతాయి. పొట్టి రెక్కలవి అక్కడే ఉండి గుడ్లు పెడతాయి.

అవే మొదళ్ల దగ్గర పచ్చగా, సన్నగా, చురుగ్గా పరిగెత్తే ఇంకో పురుగు ఉంటుంది. చాలామంది దాన్ని పచ్చదోమ అనుకుంటారు. పచ్చదోమ రసం పీల్చే శత్రువే. కానీ ఈ రెండోది మిరిడ్ నల్లి, సిర్టోరైనస్ లివిడిపెన్నిస్. వరి ఆకు తొడుగుల లోపల సుడిదోమ పెట్టిన గుడ్లను వెతికి తినేది ఇదే. తేడా మీసాల్లో ఉంది. పచ్చదోమ మీసం వెంట్రుకంత, ఫోటోలో దాదాపు కనపడదు. మిరిడ్ నల్లి మీసాలు పొడుగ్గా ముందుకు చాచి ఉంటాయి. ఆ మీసాలు చూడకుండా మందు కొడితే ముందు చచ్చేది గుడ్లు తినేదే, సుడిదోమ రెట్టింపై తిరిగొస్తుంది. ఇండోనేసియా ఈ దెబ్బ తిన్నాక 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మన దగ్గర 1925 నుంచి పనిచేస్తున్న మార్టేరు పరిశోధన స్థానం విజేత, కాటన్‌దొర సన్నాలు లాంటి సుడిదోమను తట్టుకునే వంగడాలను ఇచ్చింది. అయినా ఏ చేనులో ఏది ఎంత ఉందో చూడాల్సింది ఆ చేను గట్టు మీది మనిషే.

ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లు ఫోటో చూసి పేరు సూచిస్తాయి. మంచి సాయమే. కానీ ఎక్కువ ఫోటోలున్న జాతుల వైపే అవి మొగ్గుతాయి. గుర్తు పడని ఫోటోకు ప్రజాతి దగ్గరే ఆగిపోవడం తప్పు కాదు. కొన్ని తూనీగలకు తోక చివరి కొక్కేల ఆకారం చూడాలి. చాలా పెంకు పురుగులకు, చిమ్మెటలకు సూక్ష్మదర్శిని తప్పదు. తప్పు పేరు రాసిన రికార్డు ఖాళీగా వదిలినదానికంటే ఎక్కువ హాని చేస్తుంది, దాన్ని నమ్మి ఇంకొకరు లెక్క వేస్తారు కనుక.

గోదావరి దాటి కొబ్బరి తోటల్లోకి వెళ్తే, ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్టలు కనిపిస్తాయి. మధ్య అమెరికా నుంచి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ అది. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచి దగ్గర తొలిసారి బయటపడి, కొద్ది కాలంలోనే ఇక్కడి కొబ్బరికీ వచ్చింది. తెల్లదోమల పేరు రెక్కల మీద కాదు, ఆకుకు అంటుకుని ఉండే ప్యూపా పెంకు మీద తేలుతుంది. ఈ దోమ పిల్లలో ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ తన గుడ్డు పెడుతుంది. అలా గుడ్డు పడిన దోమ పిల్ల నల్లబడుతుంది. ఆకు ఈనెను వెనక్కి తిప్పి, మాక్రో లెన్సుతో ఆ ఖాళీ పెంకులను తీయండి. తెల్లదోమ బయటికొచ్చిన పెంకు మీద ఇంగ్లిషు టి అక్షరంలాంటి చీలిక ఉంటుంది. కందిరీగ వచ్చినదాని మీద గుండ్రటి రంధ్రం. ఆ ఆకు మీద చీలికలెన్ని, రంధ్రాలెన్ని అన్నది లెక్కపెట్టుకోవడానికి ఒక్క ఫోటో సరిపోతుంది.