నడివయసున వ్యాయామము, దాని వెంట వచ్చు ఆకలి

నలువది దాటినవారిలో ఉదయపు నడక అలవాటు నేడు పట్టణములందే గాక పల్లెలందును కనబడుచున్నది. రక్తములో చక్కెర హద్దు మీరుచున్నదని వైద్యుడు హెచ్చరించినందున కొందరు, నడుము చుట్టుకొలత పెరిగినదని కొందరు, మోకాళ్లు పట్టుకొనుచున్నవని కొందరు నడకకు పూనుకొందురు. మొదటి వారము ఉత్సాహముతో గడచును. ఆపైన ఒక క్రొత్త చిక్కు ఎదురగును. ఇల్లు చేరిన కొంతసేపటికి పట్టరాని ఆకలి పుట్టును. మూడు ఇడ్లీలతో తృప్తి చెందువారు ఐదింటికి చేయి చాతురు; మధ్యాహ్నము మారు అన్నము వడ్డించుకొందురు. నెల తిరిగిన పిదప తూచుకొన్నచో బరువు తగ్గలేదు సరికదా, ఒక కిలో పెరిగియుండును. అంతట "ఈ నడక నా ఒంటికి పడలేదు" అని మానివేయుదురు.

అట్లు మానివేయుటలోనే అసలు నష్టమున్నది. రక్తపుపోటు, రక్తములోని చక్కెర, నిద్ర, గుండె ఓర్పు మొదలగునవి బరువు తగ్గకున్నను నడకవలన బాగుపడును. ఆకలిని అర్థము చేసికొనక వ్యాయామమును వదలుకొన్నవారు ఈ లాభములన్నిటిని పోగొట్టుకొందురు.

వ్యాయామము ఆకలిని పెంచునను సంగతి క్రొత్తది కాదు. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున వ్యాయామఫలములను చెప్పుచు, ఒడలు తేలికపడుట, పని చేయు సామర్థ్యము, జఠరాగ్ని దీపించుట, క్రొవ్వు తరుగుట అను వానిని ఒకే శ్లోకమున కూర్చెను. ఆకలి పెరుగుట, క్రొవ్వు తరుగుట ఆయన దృష్టిలో ఒకదానికొకటి విరుద్ధములు కావు. అయితే కడుపులో రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు విడిచి నాల్గవ పాలు ఖాళీగా ఉంచవలెనని కూడ ఆయనయే విధించెను. మనలో పెక్కుమందికి మొదటి శ్లోకము జ్ఞాపకముండును. రెండవది విస్తరి ముందు కూర్చుండగనే మరపునకు వచ్చును.

నడకవలన వ్యయమగు శక్తి ఎంతయో ముందు తెలిసికొందము. 65 కిలోల బరువు గల మనిషి సమతలమున మధ్యరకపు వేగముతో గంటసేపు నడచినచో సుమారు 230 కాలరీలు వ్యయమగును. ఆ గంటసేపు కదలక కూర్చున్నను ఇందులో 65 కాలరీలు ఎట్లును ఖర్చగును. కావున నడకకై అదనముగా అయినది సుమారు 165 కాలరీలకు మించదు. ఒక చెంచా చక్కెరలో 20 కాలరీలు, ఒక చెంచా నూనెలో 45 కాలరీలు ఉండును. పార్కు వాకిట నిలుచు బండ్లవారికి ఈ లెక్క తెలియకపోవచ్చును గాని, నడచివచ్చువారి మనసు మాత్రము బాగుగా తెలియును. గ్లాసెడు చెరకురసములో ఐదారు చెంచాల చక్కెర ఉండును. దానికి నాలుగు పునుగులు తోడైనచో గంటనడక లెక్క అక్కడికక్కడే చెల్లిపోవును. బరువు తగ్గించుటకు నడక ఒక్కటియే చాలునని ఆశించినవారు నిరాశపడుటకు కారణమిదియే.

ఆకలి ఏ వేళ వేయుచున్నదో కూడ గమనింపవలెను. రాత్రి ఎనిమిదింటికి భుజించి, తెల్లవారి ఆరింటికి బయలుదేరి, ఏడింటికి ఇల్లు చేరువాని కడుపున పదకొండు గంటలుగా అన్నము లేదు. ఆ వేళ వేయు ఆకలిలో అధికభాగము రాత్రి ఉపవాసము వలన కలిగినదే. నడవని దినమునను ఆ వేళకు ఆకలి వేయును. కాని ఆనాడు వార్తలు వినుచు కాఫీ త్రాగుచుందుము గనుక దానికి నడకపై నెపము పెట్టము. నడక నిజముగా పెంచిన ఆకలి సాధారణముగా ఆలస్యముగా వచ్చును.

దీని మర్మము శాస్త్రజ్ఞులకు ఇటీవలనే కొంత తెలిసినది. 1999లో కొజిమా, కంగావా మొదలగు జపాను పరిశోధకులు జీర్ణాశయమున పుట్టు గ్రెలిన్ అను హార్మోనును కనుగొనిరి. ఆకలి సంగతి మెదడునకు చేరవేయు దూతలలో ఇది ముఖ్యమైనది. ఆయాసము కలుగునంత తీవ్రముగా వ్యాయామము చేసినప్పుడు దీని చురుకైన రూపము రక్తములో తగ్గుననియు, తృప్తిని తెలుపు ప్రేగుల హార్మోనులు కొన్ని పెరుగుననియు పరీక్షలలో తేలినది. పరుగెత్తి వచ్చినవానికి వెంటనే అన్నము సహింపకుండుట ఇందువలననే. గంట గడచునప్పటికి ఈ ప్రభావము చాలవరకు తొలగిపోవును. మెల్లని నడకకు ఆకలిని అణచు ఈ గుణము అంతగా లేదు. చల్లని నీటిలో ఈతకు అసలే లేదు. కాలువలో ఈది వచ్చిన పిల్లవాడు ఎంత తినునో తల్లులు ఎరుగుదురు. 2005లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, 20 డిగ్రీల చల్లని నీటిలో వ్యాయామ సైకిలు తొక్కిననాడు, 33 డిగ్రీల నీటిలో తొక్కిననాటికంటె నలువది శాతమునకు మించి ఎక్కువ తినిరని తెలిసినది. నడివయసున ఈతకు పోవువారు కొలను వెలుపలికి రాగానే ఫలహారశాలకు పోక, ఒడలు వెచ్చబడువరకు ఆగుట మంచిది.

ఆకలి చెప్పిన లెక్క ఎల్లప్పుడు సరియైనదేనా? ఈ ప్రశ్నకు మన దేశమునుండియే ఒక మంచి సమాధానము లభించినది. 1956లో జీన్ మేయర్ అను పోషకాహార శాస్త్రవేత్త, రాయ్, మిత్రా అను సహచరులతో కలసి, పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లుకు చెందిన 213 మంది ఆహారమును, బరువును, వారు చేయు పనిని పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించెను. బరువులు మోయువారు ఎక్కువ తినుచుండిరి. తేలిక పని చేయువారు వారికంటె తక్కువ తినుచుండిరి. ఇందు వింత లేదు. కాని దినమెల్ల కూర్చుండి ఉండు దుకాణదారులు, గుమాస్తాలు తేలిక పనివారికంటె తక్కువ తినవలసియుండగా ఎక్కువ తినుచుండిరి. శరీరపు బరువును వారిదే ఎక్కువ. కదలిక ఒక మేరకు దిగువకు పడిపోయినచో, తిండి అవసరమును ఆకలి సరిగా కొలువజాలదని దీనివలన మేయర్ నిర్ణయించెను.

ఇరువది ఏండ్లు కుర్చీలో గడపి, నలువదియైదవ ఏట క్రొత్తగా నడక ప్రారంభించినవారి స్థితి ఆ గుమాస్తాల స్థితియే. వారి ఆకలి తరాజు చిరకాలముగా వాడక త్రుప్పు పట్టియున్నది. మొదటి వారములలో అది చూపు తూకమును పూర్తిగా నమ్మరాదు. క్రమము తప్పక వ్యాయామము చేయువారిలో ఆకలి కాలక్రమమున అవసరమునకు అనుగుణముగా మెలగునని తరువాతి పరిశోధనలును సూచించినవి. కనుక రెండు మూడు నెలలు ఓపిక పట్టవలసియున్నది.

నలువది దాటగనే శరీరములోని అగ్ని చల్లారునను మాట వాడుకలో ఉన్నది. ఇది అంత నిజము కాదు. 2021లో హెర్మన్ పాంట్జర్ మొదలగువారు 29 దేశములకు చెందిన 6,400 మందికి పైగా వివరములను పరిశీలించి, దేహపరిమాణమును లెక్కలోనికి తీసికొన్నచో 20 ఏండ్లనుండి 60 ఏండ్ల వరకు శక్తివ్యయము దాదాపు స్థిరముగనే ఉండునని సైన్స్ పత్రికలో ప్రకటించిరి. నడివయసున తరుగునది కండ. ముప్పది దాటిన పిదప పదేండ్లకు 3 మొదలు 8 శాతము వరకు కండ క్షీణించునని అంచనా. దీనిని ఆపుటకు నడక ఒక్కటి చాలదు. వారమునకు రెండు దినములైన గుంజీలు, బస్కీలు వంటి కండకు పని కల్పించు వ్యాయామములు చేయవలెను. తగినన్ని మాంసకృత్తులును భుజింపవలెను. ఆకలిని నిలువరించుటలో పిండిపదార్థములకంటె మాంసకృత్తులకే శక్తి ఎక్కువ గనుక, ఈ ఒక్క మార్పు రెండు పనులకును ఉపకరించును.

1918లో కూనూరున మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము, పెద్దవారికి కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 60 కిలోలవారికి ఇది సుమారు 50 గ్రాములగును. ముప్పది గ్రాముల కందిపప్పులో దాదాపు 7 గ్రాములు, ఒక గ్రుడ్డులో 6 గ్రాములు, గ్లాసెడు పాలలో 6 గ్రాములకు పైగా ఉండును. మన ఇండ్లలో ఇవన్నియు రాత్రి, మధ్యాహ్న భోజనములకే పోవును. ఉదయపు ఫలహారము బియ్యపు రవ్వతోనో గోధుమ రవ్వతోనో ముగియును. నడచి వచ్చినవారికి పెసరట్టును మించిన ఫలహారము లేదని నా అభిప్రాయము. 50 గ్రాముల పెసలు నానవేసి రుబ్బి, తక్కువ నూనెతో పోసిన అట్లలో 12 గ్రాముల వరకు మాంసకృత్తులు లభించును. పెసలు పొట్టుతో రుబ్బుదురు గనుక పీచునకును కొరతలేదు. అట్టు కడుపున ఉప్మా కూరుట రుచికి భూషణమే గాని, ఆదివారమునకు అట్టిపెట్టుకొనుట మేలు. పెసరట్టు వీలుపడనినాడు ఇడ్లీ సంఖ్య పెంచుటకు మారు సాంబారులో పప్పు చిక్కగా ఉండునట్లు చూచుకొనవచ్చును. ఉడికించిన గ్రుడ్డునో, గుప్పెడు సెనగ గుగ్గిళ్లనో తోడు చేసికొనవచ్చును.

ఇల్లు చేరగనే గ్లాసెడు మంచినీరో, పలుచని మజ్జిగయో త్రాగి, స్నానము ముగించి, అప్పుడు ఫలహారమునకు కూర్చుండవలెను. దాహము తీరి, ఒడలు చల్లబడిన పిదప తినువాడు తొందరపడి తినడు. రక్తపుపోటు గలవారు మజ్జిగలో ఉప్పు వేసికొనరాదు. తరువాతి ఆకలి పదకొండు గంటల ప్రాంతమున వచ్చునని ముందే తెలిసియున్నచో, ఒక జామకాయయో గుప్పెడు గుగ్గిళ్లో చేతికందునట్లు ఉంచుకొనవచ్చును. ఏమియు సిద్ధముగా లేనివారికి ఆఫీసు క్యాంటీనులోని సమోసాయే దిక్కగును. సాయంకాలము నడచువారు నాలుగైదు గంటల నడుమ ఇట్టి అల్పాహారము తీసికొని, నడచివచ్చిన పిదప రాత్రి భోజనమును ఆలస్యము చేయకుండుట మంచిది. ఆకలిని పంతముతో చంపుకొని పగలంతయు పస్తున్నవారు రాత్రి పది గంటలకు డబ్బాలు వెదకుట తరచు చూచుచున్నాము.

ఇక్కడ గృహిణుల మాట ప్రత్యేకముగ చెప్పవలెను. తెల్లవారుజామున నడచివచ్చిన ఇల్లాలు స్నానము చేసి, అందరికి ఫలహారములు పెట్టి, డబ్బాలు కట్టి పంపి, తాను కూర్చుండునప్పటికి పది గంటలగును. అప్పుడు మిగిలినది తినును, మిగిలినదంతయు తినును. పారవేయుటకు మనసొప్పక తిన్న నాలుగు ముద్దలు ఆకలికి సంబంధించినవి కావు. ఆమె వాటా ముందే తీసి ఉంచుట, ఏడున్నరకే ఆమెయు నలుగురితోపాటు కూర్చుండుట ఇంటివారందరు కలసి చేయవలసిన ఏర్పాటు. ముట్లుడుగు వయసున నిద్ర చెడుట, పొట్టచుట్టు క్రొవ్వు చేరుట కూడ ఉండును. నిద్ర తక్కువైనచో ఆకలి పెరుగును. 2004లో చికాగోలో ఆరోగ్యవంతులగు యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రింపనీయగా, గ్రెలిన్ పెరిగి, తృప్తిని తెలుపు లెప్టిన్ తగ్గి, వారికి ఆకలి అధికమయ్యెను. అర్ధరాత్రి పడుకొని నాలుగున్నరకు నడకకు లేచు పట్టుదల స్త్రీలకైనను పురుషులకైనను ఒక చేత ఇచ్చి మరియొక చేత తీసికొనునట్టిది.

మధుమేహమునకు ఇన్సులిను గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుచున్నవారికి పైన చెప్పిన "కొంతసేపు ఆగుడు" అను మాట వర్తింపదు. నడకలోనో, నడచిన కొన్ని గంటలకో హఠాత్తుగా ఆకలి, చెమట, చేతుల వణకు, గుండెదడ, మనసు తికమకపడుట కలిగినచో రక్తములో చక్కెర పడిపోయినదని అనుమానింపవలెను. పరీక్షాయంత్రము దగ్గరనున్నచో చూచుకొనవలెను. 70 మిల్లీగ్రాములకు తగ్గినది ప్రమాదచిహ్నము. యంత్రము లేదని ఆలస్యము చేయరాదు. వెంటనే మూడు చెంచాల చక్కెరనో గ్లూకోజునో నీటిలో కలిపి త్రాగి, పదునైదు నిమిషములకు మరల చూచుకొని, తగ్గియేయున్నచో మరల త్రాగవలెను. తేరుకొనిన పిమ్మట ఫలహారము చేయవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్పవలెను. ఇట్టివారు నడకకు పోవునప్పుడు జేబులో గ్లూకోజు పొట్లము ఉంచుకొనవలెను. పరగడుపున నడువవచ్చునా, మందు మోతాదు మార్పవలెనా అను సంగతి వైద్యునితో ముందే మాట్లాడుకొనవలెను.

ఎంత తిన్నను తీరని ఆకలి, దానితోపాటు అతిదాహము, కారణము లేక బరువు తగ్గుట ఉన్నచో అది వ్యాయామముచే వచ్చినది కాదు. రక్తములో చక్కెరను, థైరాయిడును పరీక్షింపించుకొనవలెను. నడచునప్పుడు రొమ్ము దిగువ, కడుపు పైభాగమున మంటగానో బిగువుగానో తోచి, నిలుచున్నంతనే తగ్గిపోవుచున్నచో దానిని ఆకలిమంట యనియు, గ్యాసు అనియు సరిపెట్టుకొని బిస్కెట్లు తినువారు మనలో పలువురున్నారు. నడివయసువారి గుండెజబ్బు ఈ రూపమునను బయటపడును. అట్టివారు మరునాటి నడక మానుకొని, హృదయవైద్యుని దర్శింపవలెను.