టీవీని కాల్చే పిడుగు ఎక్కడ పడుతుంది?

జగిత్యాల వైపు మామిడి కోతలు నడిచే రోజులవి. కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల్లో నువ్వు పంట చేతికొచ్చే రోజులు, సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఉక్కపోతలోనే ఆడే రోజులు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దంతా నిప్పులు చెరిగిన ఆకాశం సాయంత్రానికి ఒక్కసారిగా నల్లబడుతుంది. కాలిన నేల మీది వేడిగాలి తేమను మోసుకుంటూ పైకి లేచి, పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తున మబ్బుగా నిలబడుతుంది. ఈదురుగాలి, ఉరుములు, నాలుగు చినుకులు. మరునాడు పొద్దున్నే రిపేరు షాపుల్లో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, వైఫై డబ్బాలు వరస కడతాయి. వాటిని మోసుకొచ్చినవాళ్లలో చాలామంది ఇంటి మీద అసలు పిడుగే పడలేదు.

*

మెరుపు తీగల్ని తాకకుండానే టీవీని కాల్చగలదు. ఒక సాధారణ పిడుగులో ప్రవహించే కరెంటు దాదాపు 30,000 ఆంపియర్లు. అది సున్నా నుంచి ఆ స్థాయికి చేరడానికి పట్టేది సెకనులో పది లక్షలవ వంతులు కొన్నే. అంత కరెంటు అంత వేగంగా పెరిగితే చుట్టుపక్కల ఉన్న ప్రతి తీగలోనూ వోల్టేజీ పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. అందుకే ఊరవతల చెలకలో పిడుగు పడితే, ఆ పక్కనుంచి పోయే కరెంటు తీగలు ఆ దెబ్బను ఊళ్లోకి మోసుకొస్తాయి. స్తంభం నుంచి ఇంటికి, మీటరు నుంచి బోర్డుకు, బోర్డు నుంచి గోడకున్న టీవీకి. దాన్నే సర్జ్ అంటారు.

*

అదే సర్జ్‌ను సాంచ మోటరు చాలాసార్లు తట్టుకుంటుంది, టీవీ తట్టుకోదు. మోటరులో ఉండేది లావుపాటి రాగి చుట్ట. టీవీలో ఉండే చిప్పులు నడిచేది 3.3 వోల్టుల మీద, కొన్ని అంతకన్నా తక్కువ మీద. వాటికి వందల వోల్టులు క్షణంలో వెయ్యో వంతు తగిలినా చాలు. పాతకాలపు ఫ్రిజ్‌లో కంప్రెసర్, రిలే తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. ఇప్పటి ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో, ఏసీలో, వాషింగ్ మెషీన్‌లో, చివరికి ఎల్‌ఈడీ బల్బులో కూడా ఎలక్ట్రానిక్ బోర్డు ఉంది. మన ఇండ్లల్లో సామాను కొత్తదైన కొద్దీ మెరుపుకు మరింత సున్నితమైంది. ఈ మాట గల్ఫ్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతానికి చాలా ముఖ్యం. దుబాయిలో, మస్కట్‌లో ఎండలో నిలబడి సంపాదించిన పైసలతో కొన్న టీవీ అది. అది కాలితే పోయేది ఒక్క వస్తువు కాదు.

*

సెట్‌టాప్ బాక్సే మొదట ఎందుకు పోతుంది? దానికి రెండు దారులున్నాయి కాబట్టి. ఒకటి కరెంటు ప్లగ్గు, రెండోది మేడ మీది డిష్ నుంచి వచ్చే కేబుల్. ఈ రెండింటి మధ్య వోల్టేజీలో తేడా వచ్చినప్పుడు ఆ తేడా తీరేది బాక్సు లోపలే. అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగ పట్టుకుని టీవీకి పాకుతుంది. ప్లగ్గు పీకి కేబుల్ వదిలేసినవాళ్ల టీవీలు కూడా కాలడానికి కారణం ఇదే. దూరదర్శన్ రోజుల్లో మేడ మీద అల్యూమినియం యాంటెనా ఉన్న ఇండ్లల్లో, ఉరిమిందంటే పెద్దలు యాంటెనా తీగను టీవీ నుంచి పీకి పక్కన పడేసేవాళ్లు. ఆ పద్ధతి ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు సరైనదే.

ఫైబర్ ఇంటర్నెట్‌లో గాజు పోగు కరెంటును మోయదు. కానీ స్తంభాల మీద లాగడానికి కేబుల్‌కు తోడుగా చాలాచోట్ల ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని ఇంటి బయటే కత్తిరించి గాజు పోగును మాత్రమే లోపలికి తేవాలి. కేబుల్ పనివాడు వచ్చినప్పుడు అడిగి చేయించుకోవాల్సిన చిన్న పని ఇది.

*

స్విచ్ ఆపేస్తే చాలా? చాలదు. గోడ మీది స్విచ్ ఆపేది ఒక్క ఫేజు తీగనే. న్యూట్రల్, ఎర్త్ తీగలు టీవీకి తగిలే ఉంటాయి. పైగా స్విచ్ లోపల ఏర్పడే ఖాళీ కొద్ది మిల్లీమీటర్లే. గాలి నిలువరించగలిగేది మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు. కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చిన మెరుపుకు ఆ ఖాళీ ఒక లెక్క కాదు. ప్లగ్గును సాకెట్లోంచి పూర్తిగా పీకి పక్కన పెట్టడమే దారి. అది కూడా తొలి ఉరుము వినపడగానే చేయాలి. పిడుగులు నెత్తి మీదికి వచ్చాక ప్లగ్గుల దగ్గరికి పోవద్దు. ఆ సమయంలో తీగల్ని ముట్టుకునే మనిషికి టీవీకన్నా పెద్ద ప్రమాదం.

*

ఎక్కువ కరెంటు పోతే తనంతట తానే పడిపోయే స్విచ్, అంటే ఎంసీబీ కూడా పిడుగును ఆపలేదు. అది పడిపోవడానికి సెకనులో వెయ్యో వంతులు పడుతుంది. అప్పటికి సర్జ్ వచ్చి, కాల్చి, వెళ్లిపోయి ఉంటుంది. స్టెబిలైజర్ సంగతీ అంతే. దాని పని నెమ్మదిగా పెరిగే, తగ్గే వోల్టేజీని సరిచేయడం. 'పెద్ద స్టెబిలైజర్ పెట్టినం, ఇంక ఫికర్ లేదు' అనుకునే ఇండ్లు చాలా ఉన్నాయి. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనిచేయదని మన సామెతే చెబుతోంది.

*

గాలివాన రాత్రి కాలిపోయిన సామాను అంతా పిడుగు ఖాతాలోకే పోతుంది. కానీ అందులో కొంత నేరం న్యూట్రల్ తీగది. ఈ విశేషం మీద కాస్త ఎక్కువసేపు నిలవాలి. ఎందుకంటే మిగతావాటికన్నా ఇది తక్కువమందికి తెలుసు, తెలిస్తే కాపాడేది మాత్రం ఎక్కువ.

మన ఇండ్లకు వచ్చేది మూడు ఫేజుల్లో ఒకటి, దాంతోపాటు అందరికీ ఉమ్మడిగా ఒక న్యూట్రల్. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు. ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 పైమాటే. గాలికి కొమ్మ విరిగి పడి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగిందనుకోండి. అప్పుడు ఒక ఫేజు మీద ఉన్న ఇండ్లు, ఇంకో ఫేజు మీద ఉన్న ఇండ్లు కలిసి ఒకే వరసలో 400 వోల్టుల మధ్య నిలబడతాయి. ఎవరి ఫేజు మీద వాడకం తక్కువగా ఉందో వాళ్ల ఇంటికి ఎక్కువ వోల్టేజీ పోతుంది. 300, 350, ఇంకా పైకి. ఒక గల్లీలో లైట్లు మిణుకుమిణుకుమంటుంటే పక్క గల్లీలో బల్బులు కండ్లు చెదిరేలా వెలుగుతాయి, ఫ్యాను విమానంలా మోత పెడుతుంది. 'హై వోల్టేజ్ వచ్చింది' అని జనం అనేది దీన్నే.

పిడుగు సర్జ్ కనురెప్ప పాటు కూడా ఉండదు. ఇది మాత్రం నిమిషాల తరబడి ఉంటుంది. అంటే ఇక్కడ మనిషి చేతికి సమయం దొరుకుతుంది. లైట్లు వింతగా వెలిగిన క్షణమే మెయిన్ ఆపితే ఇంట్లో సామాను దక్కుతుంది. మీటరు పక్కన ఓవర్ వోల్టేజ్ రిలే పెట్టించుకుంటే ఆ పని అదే చేస్తుంది. మెయిన్‌కు ఫేజును, న్యూట్రల్‌ను రెంటినీ కలిపి తెంపే డబుల్ పోల్ ఎంసీబీ ఉండటం మంచిది.

*

ఫిర్యాదు ఎవరికి? జగిత్యాల, కోరుట్లవాళ్లకు హనుమకొండ కేంద్రంగా ఉన్న టీజీఎన్‌పీడీసీఎల్. సిరిసిల్లవాళ్లకు మాత్రం 'సెస్'. 1970లో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘమిది. దీని పాలకవర్గాన్ని వినియోగదారులే ఓట్లేసి ఎన్నుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఎర్త్ తీగ బాగుందా లేదా అని అడిగే హక్కు సిరిసిల్ల కరెంటు వినియోగదారుకు ఓటరుగా కూడా ఉంది.

ఎర్త్ తీగే ఎందుకంటే, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద 11 కేవీ తీగలు దిగేచోట తీగకు ఒకటి చొప్పున మూడు లైట్నింగ్ అరెస్టర్లు ఉంటాయి. ఇప్పటి వాటి కడుపులో ఉండేది జింక్ ఆక్సైడ్. మామూలు వోల్టేజీకి అది కరెంటును పోనివ్వదు, సర్జ్ రాగానే తలుపు తెరిచి భూమిలోకి పంపేస్తుంది. భూమిలోకి దిగే తీగ తెగిపోయి ఉంటే ఆ అరెస్టర్ అక్కడ ఉన్నా లేనట్టే.

*

అదే జింక్ ఆక్సైడ్ మన టీవీ లోపలా ఉంటుంది. రిపేరు షాపులో బోర్డు విప్పినప్పుడు ఫ్యూజు పక్కన చిన్న బిళ్ల, తరచూ నీలం రంగులో, కనిపిస్తుంది. అది పగిలి నల్లబడి ఉంటే ఎక్కువ వోల్టేజీ దెబ్బ తగిలినట్టు. సర్జ్‌ను తన మీద వేసుకుని మిగతా బోర్డును కాపాడటమే దాని పని. చాలాసార్లు ఆ బిళ్లను, ఫ్యూజును మార్చితే టీవీ మళ్లీ నడుస్తుంది. కాబట్టి 'బోర్డే పోయింది' అన్న మాట వినగానే కొత్త బోర్డుకు పైసలు కట్టకముందు ఆ బిళ్ల సంగతి అడగడం మేలు.

*

ఇంటి మొత్తానికి అలాంటి కాపలా కావాలంటే మెయిన్ బోర్డులో పెట్టే సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ ఉంది. ఎలక్ట్రీషియన్లు ఎస్‌పీడీ అంటారు. ఇంటి బోర్డుకు సాధారణంగా టైప్ 2 రకం వాడతారు. దాన్ని పెట్టడంలోనే అసలు మెలకువ. దానికి కలిపే తీగల పొడవు అర మీటరు దాటకూడదు. సర్జ్ వేగానికి ఒక్క మీటరు తీగ మీదే వెయ్యి వోల్టుల దాకా నిలబడిపోతుంది, ఆ వెయ్యీ మన సామాను మీద పడుతుంది. చాలా ఎస్‌పీడీల మీద చిన్న కిటికీ ఉంటుంది. ఆకుపచ్చ ఉంటే బతికి ఉన్నట్టు, ఎరుపు వస్తే మార్చమని.

*

ఇక్కడ నన్ను బాధించే విషయం ఒకటుంది. మన పిడుగుల కాలం మొదలయ్యేది వానకాలంలో కాదు, నడి ఎండాకాలంలో. భూమి అప్పుడే అన్నిటికన్నా ఎండి ఉంటుంది. ఎండిన మట్టి కరెంటును సరిగా తీసుకోదు. అంటే ఎర్తింగ్ ఎప్పుడు గట్టిగా ఉండాలో అప్పుడే బలహీనంగా ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసి ఇనుప గొట్టం దించిన గుంతలో మార్చి నుంచే బిందెడు నీళ్లు అప్పుడప్పుడు పోస్తూ ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఖర్చు లేని ఈ పని ఎన్ని ఇండ్లల్లో జరుగుతోంది? ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన గుంత మీద సిమెంటు పోసి, దాని జాడే మరిచిపోయిన ఇండ్లు ఊరూరా ఉన్నాయి. ఎర్త్ సరిగా లేని ఇంట్లో ఎంత ఖరీదైన ఎస్‌పీడీ పెట్టినా దానికి పూర్తి బలం రాదు.

మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకుంటున్నవాళ్లకు ఇంకో మాట. సాధారణంగా దానికి మూడు ఎర్త్ గుంతలు తవ్వుతారు. పలకల వైపుకు ఒకటి, ఇంటి కరెంటు వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మూడూ తవ్వించారో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

*

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క అది. ప్రపంచమంతా కలిపి చూస్తే సెకనుకు 44 మెరుపులు మెరుస్తున్నాయని ఉపగ్రహాల కొలత.

*

పిడుగు శక్తిని పట్టుకుంటే ఊరికంతా కరెంటు వస్తుందా? ఒక మెరుపులో ఉండే శక్తి సుమారు వంద కోట్ల జౌళ్లు అనుకుంటే, అది దాదాపు 280 యూనిట్లు. ఒక మామూలు ఇంటికి రెండు మూడు నెలల వాడకం. అందులోనూ ఎక్కువ భాగం దారిలోనే వేడిగా, వెలుగుగా, ఉరుముగా ఖర్చయిపోతుంది. భయపెట్టేది దాని మొత్తం కాదు, అది వచ్చే వేగం.

*

యూరప్‌లో ఒకప్పుడు ఉరుములప్పుడు చర్చి గంటలు మోగిస్తే పిడుగు తప్పుకుంటుందని నమ్మేవారు. 1784లో మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుస్తకం లెక్క ప్రకారం 33 ఏండ్లలో 386 చర్చి గోపురాల మీద పిడుగులు పడ్డాయి, గంటలు కొట్టేవాళ్లు 103 మంది చనిపోయారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆలోచనను 1752 మేలో ఫ్రాన్స్‌లో పరీక్షించి చూశాక ఎత్తైన కట్టడాల మీద లోహపు కడ్డీలు మొలిచాయి. మన గుళ్లకూ ఇదే వర్తిస్తుంది. గోపురం మీది రాగి కలశం ఒక్కటే కాపాడదు. దాని నుంచి నేల లోతుకు తెగకుండా దిగే లోహపు పట్టీ ఉంటేనే దానికి పిడుగును మళ్లించే బలం. ఆ పట్టీ మళ్లించేది నేరుగా పడే పిడుగునే. తీగల్లో వచ్చే సర్జ్‌ను ఆపేందుకు గుడి మైకు సెట్టుకు వేరే కాపలా కావాలి.

*

మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లంటే పిడుగు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. 30 సెకన్లలోపే ఉరుము వినపడితే బయట ఉండొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ప్లగ్గులు మళ్లీ పెట్టొద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి 'దామిని' యాప్ మన చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పడుతున్న మెరుపుల్ని చూపిస్తుంది. రైతులు బోరు మోటరు దగ్గర స్టార్టర్ డబ్బా ముట్టుకోబోయే ముందు ఒకసారి దాన్ని చూస్తే మంచిది. 2022లో దేశంలో పిడుగులకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క.

*

ఇంటికి బీమా ఉంటే? 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో పిడుగు నష్టం ఉంది. అయితే అందులోనే ఒక మినహాయింపు ఉంది. అధిక వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ లాంటివాటితో ఒక ఎలక్ట్రికల్ వస్తువు కాలిపోతే, దానికి కారణం పిడుగే అయినా సరే, ఆ వస్తువుకు పైసలు రావు. అక్కడి నుంచి మంట లేచి పక్కనున్న మంచం, బీరువా కాలితే వాటికి వస్తాయి. అంటే పిడుగు గోడను పగలగొడితే బీమా ఉంది, తీగల వెంట వచ్చి టీవీని కాల్చితే ఆ టీవీకి లేదు. టీవీకి కూడా కావాలంటే ఎలక్ట్రానిక్ వస్తువులకు విడిగా ఏ రక్షణ ఉందో సంతకం పెట్టకముందే ఏజెంటును అడగాలి, అది పాలసీ కాగితం మీద ఉందో లేదో చదువుకోవాలి.