సోమవారం రాసిన మాట బుధవారం చేరితే

2024 డిసెంబరు 11, బుధవారం. పొద్దున పది దాటింది. తాళం వేసిన మా బడి గేటు ముందు ఎనిమిది మంది తల్లులు నిలబడి ఉన్నారు. ఇద్దరు బస్సు దొరక్క బాగేపల్లి పక్క ఊరి నుంచి నడిచి వచ్చినవాళ్లు. చాలామంది ఆ రోజు కూలి వదులుకుని వచ్చారు. వాళ్లలో ఒకరు ఫోన్ చేస్తే, దగ్గర్లో ఉండే మా టీచరొకరు పరుగున వెళ్లారు. "మీటింగు ఉందని పొద్దున మీరే కదా మేడమ్ పంపినారు" అంటూ వాళ్లు ఫోన్ తెరిచి చూపించారు. చూస్తే నిజమే. ఆరున్నరకు మా బడి ఫేస్‌బుక్ పేజీలోనూ, టెలిగ్రామ్ ఛానెల్‌లోనూ "ఈ రోజు పదిన్నరకు తల్లిదండ్రుల సభ, తప్పక రండి" అని పడి ఉంది.

ఆ పొద్దున మేమెవరమూ అది పంపలేదు. సోమవారం మధ్యాహ్నం బిసియూట వేళ రాసి, బుధవారం ఆరున్నరకు పడేలా టైము పెట్టి వదిలేశాం. మంగళవారం తెల్లవారుజామున మాజీ ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ కన్నుమూశారు. బుధవారం బడులకు సెలవని ప్రభుత్వం ప్రకటించింది. ఆ కబురు మంగళవారం సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో పెట్టాం. కానీ వరుసలో కూర్చున్న పాత పోస్టు సంగతి మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ తల్లుల ఆలోచనలో తప్పేమీ లేదు. రాత్రి రజ అన్నారు, పొద్దున సభ అన్నారు. రెండింట్లో ఏది నమ్మాలి? తర్వాత వచ్చినదాన్నే కదా! ముందుగా టైము పెట్టి పంపడంలో ఉన్న చిక్కు ఇదేనని మాకు ఆ గేటు దగ్గరే తెలిసింది. సోమవారం రాసిన మాట బుధవారం తేదీ వేసుకుని, ఇప్పుడే చెప్పినట్టు చేరుతుంది. కాగితం మీద రాసి గోడకు అంటించిన నోటీసైతే పాతబడ్డట్టు కనబడుతుంది. ఇది కనబడదు.

మరి ఈ పద్ధతి మానేద్దామా? స్టాఫ్ రూములో రెండు రోజులు ఇదే చర్చ. మానేయాలని ఒకరు గట్టిగా అన్నారు. మిగిలినవాళ్లం ఒప్పుకోలేకపోయాం. అసలు ఎందుకు మొదలుపెట్టామో చెబితే మా ఇబ్బంది మీకూ అర్థమవుతుంది.

మేం బడిలో ఖాళీగా ఉండేది మధ్యాహ్నం అరగంట. ఆ అరగంటలో పంపిన కబురు చదివేవారుండరు. పొద్దున డెయిరీకి పాలు పోయాలి, తర్వాత తోట పని, సాయంత్రం మళ్లీ పాలు. చింతామణి, శిడ్లఘట్ట వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లల్లో మల్బరీ ఆకు వేళకు అందకపోతే కుదరదు. చాలా ఇళ్లల్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను తండ్రి జేబులో ఉంటుంది. అది ఇంటికి చేరేది రాత్రి ఏడున్నర, ఎనిమిదికి. మధ్యాహ్నం మేం పంపింది అప్పటికి గుడ్‌మార్నింగ్ పువ్వుల కింద, పెళ్లి వీడియోల కింద ఎక్కడో మునిగిపోయి ఉంటుంది. రాత్రి ఎనిమిదికి పంపుదామంటే మేమూ సంసారాలున్న మనుషులమే. పొయ్యి దగ్గరో, మా పిల్లల హోంవర్కు దగ్గరో ఉంటాం. కాబట్టి మధ్యాహ్నం రాసుకుని రాత్రి పడేలా పెట్టుకోవడం సోమరితనం కాదు. ఇంటివాళ్ల వేళ ఒకటి, మా వేళ ఒకటి. ఆ రెండింటినీ కలిపే దారి మాకు ఇదొక్కటే కనబడింది.

అందుకని మానేయలేదు. వేటికి టైము పెట్టవచ్చో, వేటికి పెట్టకూడదో విడదీసుకున్నాం.

తేదీ మారనివాటికి నిశ్చింతగా పెట్టవచ్చు. సెప్టెంబరు 15 ఏ ఏడాదైనా సెప్టెంబరు 15నే వస్తుంది. ఆ రోజు విశ్వేశ్వరయ్య గారి జయంతి. 1861లో మన చిక్కబళ్లాపురం పక్కనున్న ముద్దేనహళ్లిలో పుట్టారు. ఇంటి మాట తెలుగు, పూర్వీకుల ఊరు ఆంధ్రలోని మోక్షగుండం. ఇంటి పేరు అక్కడిదే. 1955లో భారతరత్న అందుకున్నారు. మన పిల్లలకు చెప్పుకోవడానికి ఇంతకంటే దగ్గరి మనిషి ఎవరు? ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కూడా అంతే. అది 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి జయంతి. ఇలాంటివి జూన్‌లోనే రాసి పెట్టుకుంటే, ముందు రోజు రాత్రి హడావుడిగా ఎవరిదో పోస్టరు తెచ్చి అతికించే పని తప్పుతుంది. పిల్లలు గీసిన బొమ్మ, వాళ్ల చేతిరాతతో నాలుగు వాక్యాలు పెట్టే తీరిక దొరుకుతుంది. పరీక్షల టైంటేబులు, కట్టాల్సిన ఫీజు గడువు వంటి గుర్తుచేసే మాటలూ ఈ లెక్కలోవే.

ఇక రేపటి మీద ఆధారపడినది ఏదైనా సరే, దానికి టైము పెట్టకూడదు. వాన సెలవు జిల్లాధికారి ప్రకటిస్తే తప్ప తెలియదు. 2021 నవంబరు వానలు మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఉర్దూ బడుల టీచర్లకు ఈ బాధ మాకంటే బాగా తెలుసు. నెలవంక కనబడిందాకా రంజాన్ పండుగ ఏ రోజో ఖాయం కాదు. సభలు, టూరు, బస్సు వేళ, టీకాల రోజు ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

తేదీ మారకపోయినా, ఆ రోజు ఊరి మనసు మారిపోయే సందర్భాలుంటాయి. పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న పోయారు. 31న అంత్యక్రియలు, మర్నాడే కన్నడ రాజ్యోత్సవం. వారం ముందు టైము పెట్టి మరిచిపోయిన డాన్సు ఫోటోల పోస్టరు ఆ పొద్దున ఒక బడి పేజీలో పడితే తల్లిదండ్రులకు ఎలా ఉంటుంది? మనది తెలుగు బడి కాబట్టి మరీ జాగ్రత్త అవసరం. పొరపాటును పొరపాటుగా చూసేవాళ్లే అందరూ ఉండరు.

సాధనాల గురించి రెండు మాటలు. ఫేస్‌బుక్ పేజీ ఉంటే మెటా బిజినెస్ సూట్‌లో తేదీ, వేళ ఇచ్చి పెట్టవచ్చు. టెలిగ్రామ్‌లో పంపే బటన్‌ను నొక్కి పట్టుకుంటే టైము అడుగుతుంది. రెండింట్లోనూ వరుసలో ఉన్నవి చూసి తీసేయవచ్చు. వాట్సాప్‌కు టైము పెట్టిస్తామని బయట దొరికే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి ఫోన్ మీద ఉన్నదంతా చూసే అనుమతి అడుగుతాయి. మన ఫోన్లలో పిల్లల ఫోటోలు, ఆధార్ నంబర్లు, తల్లుల నంబర్లు ఉన్నాయి. వాట్సాప్ కబురు మేం చేత్తోనే పంపుతున్నాం.

ఆ బుధవారం తర్వాత స్టాఫ్ రూము గోడకు ఒక నోటు పుస్తకం వేలాడదీశాం. ఏ పోస్టు ఎప్పుడు పడుతుందో అందులో రాయాలి. వారానికొకరిది బాధ్యత. రాత్రి తొమ్మిదికి వార్తలు చూసి, మర్నాటి వరుస ఒకసారి చూసుకోవాలి. సెలవు ప్రకటిస్తే మొదటి పని వరుస ఆపడం, గ్రూపులో చెప్పడం ఆ తర్వాత. పైగా టైము పెట్టిన ప్రతి పోస్టు చివర రాసిన రోజు వేస్తున్నాం: "సోమవారం రాసినది. ఈలోగా రజ ఇస్తే ఇది లెక్కలోకి రాదు." చూడటానికి అందంగా ఉండదు. ఉండనివ్వండి.

పదిహేను రోజులకే దీనికి పరీక్ష వచ్చింది. డిసెంబరు 26 రాత్రి మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మరణించారు. మర్నాడు శుక్రవారం మన రాష్ట్రంలో మళ్లీ సెలవు. "పిల్లల ఆధార్ జిరాక్సులు ఈ రోజు తెచ్చివ్వండి" అన్న పోస్టు పొద్దున ఆరున్నరకు వరుసలో ఉంది. ఆ వారం బాధ్యత ఉన్న టీచరు రాత్రి పదకొండుకు దాన్ని తీసేసి, అప్పుడు గ్రూపులో పెట్టారు.

ఇంకొకటి ఆ ఎనిమిది మందితో మాట్లాడితేనే తెలిసింది. వాళ్లలో ముగ్గురికి తెలుగు మాట వచ్చు, తెలుగు చదవడం రాదు. కన్నడ బడిలో చదివారు. మంగళవారం రాత్రి సెలవు కబురు తెలుగు అక్షరాల్లోనే పెట్టాం. బుధవారం సభ పోస్టులో మాత్రం కన్నడలో కూడా రాశాం. అంటే ఆ ముగ్గురికి అందింది తప్పు కబురు ఒక్కటే! మాతృభాషలో చదువు గురించి రాజ్యాంగంలో 350ఏ అధికరణ ఉందని సభల్లో చెప్పే మేమే, తల్లికి అందే భాష ఏదో చూసుకోలేదు. ఇప్పుడు ముఖ్యమైన కబురు ఏదైనా మా గొంతుతో, ఇంట్లో మాట్లాడే తెలుగులో అర నిమిషం రికార్డు చేసి పెడుతున్నాం. కింద రెండు లిపుల్లోనూ ఒక్కో వరుస. "సెలవు" అనకుండా "రేపు ఇస్కూలుకు రజ" అనే చెబుతున్నాం.

వాయిదా పడిన సభను జనవరిలో పెట్టుకున్నాం. దానికి టైము పెట్టలేదు. ముందు రోజు రాత్రి ఎనిమిదికి మేమే కూర్చుని పంపాం. ఆ ఎనిమిది మందికి విడిగా ఫోన్ చేశాం. ఆరుగురు వచ్చారు. మిగతా ఇద్దరు ఇంకో రోజు కూలి పోగొట్టుకోలేమన్నారు. ఆదివారం సాయంత్రం మేమే వాళ్ల ఊరికి వెళ్లి, పిల్లల మార్కుల కార్డులు ఇచ్చి వచ్చాం.