తొమ్మిది దుకాణాల పరీక్ష

చీకటి పడే వేళకు బజారుకు వెళ్ళి పళ్ళబండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. పొద్దున బేరం ఆడనివ్వకుండా బిగదీసుకు కూర్చున్న మనిషే ఇప్పుడు, "డజను తీసుకోండమ్మా, పైన రెండు వేస్తాను!" అంటూ కేకవేసి పిలుస్తుంటాడు. పళ్ళు అవే, బండీ అదే. అయితే మిగిలినవి రేపటికి వాడిపోతాయని అతనికి తెలుసు. ధర ఎంత దించితే ఎన్ని పళ్ళు చెల్లిపోతాయో కూడా తెలుసు. ఆ లెక్క అతను ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు, ఎక్కడా రాసిపెట్టుకోడు.

ఈ లెక్కనే కాగితం మీద పెట్టి చూడాలని అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు 1962లో నెల రోజులపాటు నారింజపళ్ళు అమ్మించారు. ఆ కథ చెప్పబోయే ముందు పండు సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లీషు పుస్తకాలలో ఆరెంజి అని కనబడగానే మనం కమలాపండు అనుకుంటాం. కాని అక్కడ తోటలు తోటలుగా పెంచేది తొక్క సులువుగా వలుచుకు వచ్చే కమలా కాదు. అది మన బత్తాయి జాతిదే. రాయలసీమలో మీరు చీనీకాయ అనే సాత్‌గుడి రకానికి అది దగ్గర చుట్టం. మన ఎండలకు బత్తాయి తొక్క ఆకుపచ్చగానే ఉండిపోతుంది. రాత్రిళ్ళు చల్లగా ఉండే చోట అదే తొక్క బంగారు రంగు తిరుగుతుంది. అంతే తేడా!

ఇక అసలు చిక్కు ఎక్కడున్నదో చూడండి. తోట బాగా కాసింది. చెట్లు విరగకాశాయి. రైతు సంతోషించాలి కద? చాలాసార్లు అతను తల పట్టుకుని కూర్చుంటాడు. పంట తగ్గిన ఏడు కంటే పంట పొంగిన ఏడే అతని చేతికి తక్కువ డబ్బు వస్తుంది!

ఈ వింతను మూడువందల ఏళ్ళ క్రిందటే ఇంగ్లండులో ఒకాయన అంకెలలో చెప్పాడు. ఆయన పేరు గ్రెగరీ కింగ్. ఆయన కట్టిన లెక్కలను 1699లో చార్లెస్ డావెనెంట్ అనే ఆయన తన పుస్తకంలో అచ్చు వేశాడు. ధాన్యం పంట పదింట ఒక వంతు తగ్గితే, ధర పదింట మూడు వంతులు పెరుగుతుందట. పంట సగానికి పడిపోతే, మామూలు ధర మీద నాలుగున్నర రెట్లు అదనంగా పెరుగుతుందట.

మీరే లెక్క వేసి చూడండి. మామూలు ఏడు ఒక ఊళ్ళో 100 బస్తాలు పండి, బస్తా 10 రూపాయల చొప్పున అమ్మారనుకోండి. మొత్తం 1,000 రూపాయలు. మరుసటి ఏడు 90 బస్తాలే పండాయి. బస్తా ధర 13 రూపాయలయింది. ఇప్పుడు 1,170 రూపాయలు వచ్చాయి! సరుకు తగ్గి డబ్బు పెరిగింది. దీన్నే తిరగేసి చూస్తే, పంట ఎక్కువైన ఏడు ఊరికంతటికీ కలిసి వచ్చే డబ్బు తగ్గుతుంది. (ఊరందరి పంటా పోకుండా నా ఒక్కడి పంటే పోతే ఏమిటి అని మీరు అడగవచ్చు. అప్పుడు ధర పెరగదు, బస్తాలూ ఉండవు. ఆ రైతు దెబ్బ తిన్నట్టే.)

ఎందుకిలా జరుగుతుంది? కడుపు సంగతి ఆలోచించండి. బియ్యం ధర సగానికి దిగిందని మీరు పూటకు రెండింతల అన్నం తినరు. ధర రెట్టింపయిందని సగం తిని ఊరుకోనూ లేరు. మరి దేన్నో మానుకుని అయినా బియ్యం కొంటారు. ఇటువంటి సరుకు ధర ఎంత ఊగినా, దాని గిరాకీ అంతగా ఊగదు. అందుకనే సరుకు కొంచెం మిగిలినా, దాన్ని వదిలించుకోవడానికి ధర చాలా దించవలసి వస్తుంది.

నారింజపండు బియ్యంలాంటిది కాదే అంటారా? నిజమే. దాన్ని మానుకుని అరటిపండు తినవచ్చు, ఏమీ తినకుండానూ ఉండవచ్చు. అయినా పండ్ల రైతుకు ఇంకొక ఇబ్బంది ఉన్నది. వరి వేసినవాడు వచ్చే ఏడు జొన్న వేసుకోగలడు. నారింజ మొక్క నాటితే నాలుగైదేళ్ళకు గాని కాపు సరిగా అందుకోదు. అందుకున్నాక ఏళ్ళ తరబడి కాస్తూనే ఉంటుంది. ధర లేదు, ఈ ఏడు కాయకు అంటే చెట్టు వింటుందా?

కాబట్టి అమెరికా రైతులు చెట్టుతో మొర పెట్టుకోవడం మాని, తినేవాళ్ళ వెంట పడ్డారు. కాలిఫోర్నియా తోటల వాళ్ళు సంఘంగా చేరి తమ పళ్ళకు సన్‌కిస్ట్ అనే పేరు పెట్టారు. 1916 ప్రాంతాల ఆ సంఘం, నారింజను తినడమే కాదు, తాగండి అని ప్రచారం మొదలుపెట్టింది. ఇందులో చమత్కారం గమనించారా? తినేవాడు ఒక పండుతో ఊరుకుంటాడు. రసం తీస్తే గ్లాసు నిండటానికి రెండు మూడు పళ్ళు కావాలి!

అమెరికాకు ఆగ్నేయపు మూల సముద్రంలోకి వేలు చాపినట్టుగా ఉండే ఫ్లారిడా రాష్ట్రంలో 1935లో చట్టం చేసి, నారింజ జాతి పండ్లకు ఒక సంస్థను పెట్టారు. పెట్టెకు ఇంత అని రైతులే పన్ను కట్టుకుని దాన్ని నడిపించారు. ఆ డబ్బు ప్రచారానికీ పరిశోధనలకూ పోయేది. 1940ల లోని మహాయుద్ధ కాలంలో ఆ సంస్థ శాస్త్రజ్ఞులూ, ప్రభుత్వ శాస్త్రజ్ఞులూ కలిసి ఒక గట్టి ఉపాయం కనిపెట్టారు. అప్పటి దాకా డబ్బాలో పోసిన రసం కాచిన రుచి వచ్చి, ఎవరికీ నచ్చేది కాదు. వీళ్ళు గాలి తీసేసిన పాత్రలో తక్కువ వేడి మీద రసాన్ని చిక్కబరిచారు. చిక్కబడిన దానిలో కొంచెం తాజా రసం కలిపి గడ్డకట్టించారు. తాజా రసం కలపడంతో పోయిన వాసన తిరిగి వచ్చింది. ఇంటికి తెచ్చుకుని ఒక డబ్బాకు మూడు డబ్బాల నీళ్ళు కలిపితే చాలు. 1948లో దీనికి పేటెంటు ఇచ్చారు. చలికాలంలో కాసిన పండును ఎండాకాలంలో తాగడం మొదలయింది. మిగిలిపోయే పండుకు చోటు దొరికింది.

అయినా పండును పండుగానే కొనేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ దగ్గర ఫ్లారిడాకూ కాలిఫోర్నియాకూ పోటీ. కాలిఫోర్నియా పండు మందపు తొక్కతో మంచి రంగుగా ఉంటుంది, వలవడం సులువు. ఫ్లారిడా పండుది పల్చని తొక్క, లోపల రసం ఎక్కువ. ఫ్లారిడాలోనే మళ్ళీ రెండు రకాలు: తూర్పు తీరాన ఇండియన్ రివర్ ప్రాంతంలో పండేది ఒకటి, లోపలి జిల్లాలలో పండేది ఒకటి. ఫలానా పండు ధర దించితే ఎవరి పండు అమ్మకం తగ్గుతుంది? అవతలి రాష్ట్రం వాళ్ళదా, పక్క తోట వాళ్ళదా? ఇది తేల్చాలని ఫ్లారిడా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు బయలుదేరారు.

వాళ్ళు మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ అనే పట్టణాన్ని ఎంచుకున్నారు. అక్కడ నారింజ పండదు. అన్ని రకాల సంపాదనలు గల కుటుంబాలూ ఉన్నాయి. తొమ్మిది పెద్ద దుకాణాల వాళ్ళు ఒప్పుకున్నారు. ఒక్కొక్క దుకాణంలో మూడు రకాల పళ్ళూ పెట్టారు. 31 రోజులపాటు మూడింటి ధరలనూ మారుస్తూ వచ్చారు. ఒకరోజు ఇది పైకి, అది కిందికి, మరొక రోజు ఇంకొకలాగ. మామూలు ధరకు 16 సెంట్లు పైదాకా, 16 సెంట్లు కిందిదాకా. ఏ ధరకు ఎన్ని డజన్లు పోయాయో రాసుకున్నారు. మొత్తం మీద 9,250 డజన్లకు పైగా అమ్ముడయ్యాయి.

నెల రోజులే ఎందుకు అంటే, అందులో తెలివి ఉన్నది. నెలలో జనం సంపాదన పెద్దగా మారదు, అభిరుచులూ మారవు. కాబట్టి అమ్మకంలో వచ్చిన మార్పు ధర వల్లనే వచ్చిందని గట్టిగా చెప్పవచ్చు. రసాయనశాలలో ఒక్క వస్తువును మార్చి మిగతావాటిని కదలకుండా ఉంచినట్టే, వీళ్ళు బజారునే పరీక్షనాళికగా చేసుకున్నారు.

ఏం తేలింది? ఏ రకమైనా సరే, దాని ధర నూటికి ఒకటి చొప్పున పెరిగితే అమ్మకం నూటికి సుమారు మూడు చొప్పున తగ్గింది. అంటే 100 డజన్లు పోయే చోట 97 డజన్లే పోయాయి. ఫ్లారిడా రకాలలో ఒకదాని ధర ఒక శాతం పెరిగితే, రెండోదాని అమ్మకం ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా పెరిగింది. కాని ఫ్లారిడా ధర మారినా కాలిఫోర్నియా పండు అమ్మకం దాదాపు కదలలేదు. కాలిఫోర్నియా ధర మారినా ఫ్లారిడా పండుకు చీమ కుట్టినట్టయినా లేదు! దూరాన ఉన్న కాలిఫోర్నియాను శత్రువనుకున్న ఫ్లారిడా రైతుకు అసలు పోటీదారు తన రాష్ట్రంలోనే ఉన్నాడు. కొనేవాళ్ళ కంటికి ఆ రెండూ ఒకే పండు; కాలిఫోర్నియాది వేరే పండు.

ఇక్కడ మీలో చురుకైనవాళ్ళు నన్ను నిలదీయాలి: "ధర పెరిగితే గిరాకీ అంతగా తగ్గదని మొదట చెప్పారు. ఇప్పుడేమో ఒకటికి మూడు చొప్పున తగ్గింది అంటున్నారు. ఏది నిజం?" రెండూ నిజమే. ఒక బుట్ట ధర పెరిగితే పక్క బుట్ట ఉన్నది, చేయి అటు జరుగుతుంది. అన్ని బుట్టల ధరలూ ఒక్కసారే పెరిగితే చేయి ఎటు జరుగుతుంది? ఒక రకం నారింజకు గిరాకీ వేరు, మొత్తం నారింజలకు గిరాకీ వేరు, మొత్తం తిండికి గిరాకీ ఇంకా వేరు. పక్కన ప్రత్యామ్నాయాలు తగ్గుతున్నకొద్దీ గిరాకీ బిగుసుకుంటుంది. ఈ సంగతి మరిచిపోయి, అంకెలు ఒకచోటివి తెచ్చి మరొకచోట వాడి బోల్తాపడ్డ పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ పరీక్ష ఎండాకాలానికి ముందు జరిగింది. అదే ఏడు డిసెంబరు 12, 13 తేదీల రాత్రిళ్ళు ఫ్లారిడా మీదికి భయంకరమైన చలిగాలి వచ్చింది. కాయలో రసం గడ్డకట్టింది, కొమ్మలు చచ్చాయి, ఎన్నో చెట్లు మొదలంటా పోయాయి. ఆ ఏటి పంట అంతకు ముందటి ఏడు మీద దాదాపు మూడో వంతు పడిపోయింది. రసం ధర పైకి లేచింది. తోట మిగిలినవాడు బాగుపడ్డాడు, తోట పోయినవాడు పోయాడు. గ్రెగరీ కింగ్ లెక్కలో ఈ రెండోవాడు కనిపించడు.

ఇంకొకటి కూడా జరిగింది. ఆ ఎక్కువ ధరను దక్షిణ అమెరికాలో బ్రెజిల్ దేశం చూసింది. అక్కడివాళ్ళు రసం తీసే కర్మాగారాలు పెట్టి ఎగుమతికి దిగారు. ఇప్పుడు ప్రపంచంలో నారింజరసం అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసేది బ్రెజిలే. ఒక్క రాత్రి చలి ఒక పోటీదారును పుట్టించింది!

తరవాత ఫ్లారిడా మళ్ళీ తేరుకున్నది. 1997-98లో అక్కడ 24 కోట్ల 40 లక్షల పెట్టెల నారింజ పండింది. పెట్టె అంటే 90 పౌన్లు, దాదాపు 41 కిలోలు. అటు తరవాత 2005లో పచ్చ తెగులు కనిపించింది. ఆవగింజంత పురుగు ఆకు రసం పీలుస్తూ ఒక సూక్ష్మజీవిని చెట్టుకు ఎక్కిస్తుంది. కాయ పచ్చిగానే ఉండి చేదెక్కి రాలిపోతుంది. మన దేశపు బత్తాయి, కమలా తోటలకు కూడా ఈ తెగులు తెలిసినదే. 2022-23 నాటికి ఫ్లారిడా పంట 1 కోటి 60 లక్షల పెట్టెల లోపుకు వచ్చింది.

కింగ్ లెక్క ప్రకారం అయితే ధర చుక్కలనంటాలి. చాలాకాలం అలా జరగలేదు. ఒక కారణం బ్రెజిల్ రసం. రెండో కారణం తాగేవాళ్ళు. పొద్దున గ్లాసెడు రసం తాగే అలవాటు అమెరికాలో సన్నగిల్లింది. అందులో తీపి ఎక్కువని కొందరు మానేశారు, వేరే పానీయాలకు కొందరు మళ్ళారు, పొద్దుటి తిండే మానేసినవాళ్ళు కొందరు. 1990ల చివరతో పోలిస్తే మనిషి తాగే రసం సగం కంటే తక్కువయింది. ధర పెరిగినందువల్ల కొనడం తగ్గితే, ధర దించి మళ్ళీ కొనిపించవచ్చు. అలవాటే పోతే ధర దించినా రారు. దుకాణంలో డబ్బాల మీది చారల గీతలను యంత్రం చదివిన ప్రతిసారీ, ఏ ధరకు ఏది పోయిందో ఇప్పుడు దానంతటదే లెక్కకెక్కుతుంది. తగ్గిన అమ్మకంలో ధర పాలు ఎంత, అలవాటు పాలు ఎంత అని ఆర్థిక శాస్త్రజ్ఞులు ఆ లెక్కలనుంచే విడదీస్తారు. నెల రోజులు దుకాణాలలో కాపు కాయనక్కరలేదు.

2024లో బ్రెజిల్ పంట కూడా దెబ్బతిన్నది. అప్పుడు మాత్రం గడ్డకట్టిన రసం ధర ఆ ఏడు చివరకు మునుపెన్నడూ లేనంత పైకి ఎక్కింది. ఎక్కిన కొద్ది నెలలలోనే, 2025లో, కొనేవాళ్ళు వెనక్కు తగ్గడంతో సగానికి దిగివచ్చింది. ఈలోగా ఫ్లారిడాలో కొందరు రైతులు చెట్లు పీకించి, ఆ నేలను ఇళ్ళ స్థలాలకు అమ్మేశారు. ధర మళ్ళీ ఎప్పుడు పెరిగినా ఆ స్థలాలలో కాయడానికి చెట్లు లేవు.