పెట్టుబడి రాయితీ: వరదకు పొలం, కరువుకు మండలం ప్రమాణం

2009 అక్టోబరు తొలి రోజులలో తుంగభద్ర వరద మంత్రాలయాన్ని, శ్రీ రాఘవేంద్రస్వామి మఠాన్ని ముంచెత్తిన విషయం విదితమే. అదే సంవత్సరం దేశంలో నైరుతి రుతుపవన వర్షపాతం సాధారణం కంటే 22 శాతం తక్కువగా నమోదైంది. కరువు, వరద ఒకే ఖరీఫ్‌లో సంభవించే కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో రైతుకు సహాయం ఏ ప్రాతిపదికన అందుతుందో తెలిసి ఉండడం అవసరం.

ఈ మొత్తాన్ని పత్రికలు తరచుగా 'నష్టపరిహారం' అని పేర్కొంటున్నాయి. వాస్తవానికి ఇది పెట్టుబడి రాయితీ. తిరిగి విత్తుకొనుటకు తోడ్పాటు మాత్రమే గాని పోయిన పంట విలువ కాదు. ఆ విలువ పంటల బీమా పరిధిలోనిది. రాష్ట్ర విపత్తు స్పందన నిధికి 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల మేరకు వర్షాధార పైరుకు హెక్టారుకు రూ.8,500, నీటి వసతి గల పైరుకు రూ.17,000, బహువార్షిక పంటలకు రూ.22,500. పరిమితి రైతుకు రెండు హెక్టార్లు. అనగా ఆదోని వద్ద పది ఎకరాల మెట్టలో పత్తి పూర్తిగా నష్టపోయిన రైతుకు సైతం ఈ ప్రమాణాల ప్రకారం లభించేది రూ.17,000 మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం తన నిధుల నుండి అదనంగా చెల్లించవచ్చును. పొలంలో మూడు అంగుళాలకు మించి ఇసుక మేట వేసినచో దాని తొలగింపునకు హెక్టారుకు రూ.18,000 వేరుగా నిర్దేశించబడినది.

నష్టం కనీసం 33 శాతం ఉండవలెను. 2015కు పూర్వం ఇది 50 శాతంగా ఉండేది.

వరద సందర్భంలో రెవెన్యూ, వ్యవసాయ, ఉద్యాన సిబ్బంది పొలం వారీగా నష్టాన్ని నమోదు చేస్తారు. కరువు విషయంలో ముందుగా మండలాన్ని ప్రకటించవలసి ఉంటుంది. వర్షపాత లోటు లేదా వరుస వర్షాభావ దినాలు తొలి సూచిక కాగా, సాగు విస్తీర్ణం, పైరు స్థితి, నేలలో తేమ, జలవనరులు తదుపరి సూచికలు. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాలను ప్రకటించగా వాటిలో 24 కర్నూలు జిల్లాలోనివే. సరిహద్దు గట్టుకు ఇవతల రైతుకు రాయితీ అంది, అవతల రైతుకు అందకపోవడానికి మూలం ఇదే. ఇటువంటి ఫిర్యాదులను సిబ్బంది పక్షపాతంగా చిత్రించే ముందు మండల ప్రకటనను పరిశీలించుట మేలు.

ఇక అసలు చిక్కు జాబితాలోని పేరు. సాగు చేసిన వ్యక్తి, పంట, విస్తీర్ణం ఈ-పంటలో ముందే నమోదై ఉండవలెను. పైరు కొట్టుకుపోయిన తరువాత ఏ పంట ఉండేదో నిరూపించుట కష్టసాధ్యం. కౌలు రైతుల పరిస్థితి మరింత సున్నితమైనది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకు భూయజమాని సంతకాన్ని, పదకొండు నెలల గడువును నిర్దేశించింది. సంతకం లభించని చోట కార్డు రాదు. కార్డు లేనిచో రాయితీ యజమాని ఖాతాకు చేరే అవకాశమున్నది. కావున ముసాయిదా జాబితాను గ్రామంలో ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరించే రోజులలోనే సిబ్బంది కౌలుదారుల పేర్లను ప్రత్యేకంగా విచారించవలసి ఉన్నది. తుది జాబితా ఖరారై సొమ్ము ఆధార్ అనుసంధానిత ఖాతాలకు జమ అయిన పిదప సవరణ దుస్సాధ్యం.