ఒక్క ఇంజనా, రెండా? చెప్పుకోండి చూద్దాం!

అశోక్‌నగర్ గ్రూప్స్ బ్యాచ్‌లూ, చిక్కడపల్లి లైబ్రరీ వీరులూ... పుస్తకాలు కాసేపు మూసేయండి. ఇదేదీ సిలబస్‌లో లేదు!

మీకు తెలుసా? దోమలగూడ మీద 2,000 అడుగుల ఎత్తున సెస్నా 172 అనే చిన్న విమానానికి ఉన్న ఒక్క ఇంజనూ ఆగిందనుకోండి. రాయిలా పడిపోదు! గాలి ఎదురు కొట్టకపోతే 5 కిలోమీటర్ల పైచిలుకు జారుతూ పోతుంది. బేగంపేట రన్‌వే కూడా దాదాపు అంతే దూరం. దారిలో హుస్సేన్‌సాగర్ బుద్ధుడికో దండం పెట్టుకోవచ్చు.

రెండు ఇంజన్లుంటే డబుల్ సేఫ్ అంటారా? ఆగండాగండి! చిన్న విమానంలో రెండింట ఒకటి ఆగితే పోయేది సగం బలమే. పైకెక్కే సత్తా మాత్రం 80 శాతమో, అంతకు మించో హుష్‌కాకి!

పైగా మిగిలిన ఇంజన్ విమానాన్ని ఓ పక్కకే లాగుతుంది. వేగం మరీ తగ్గిందో, తిరగబడటమే. అందుకే స్పీడు మీటరు మీద ఓ ఎర్ర గీత పెట్టారు. దాని దిగువకు పోయినవాడికి లక్ష్మణరేఖ విలువ తెలిసొస్తుంది.

మీకు తెలుసా? అమెరికా రవాణా భద్రతా బోర్డు 1979లో లెక్క తీసింది. ఇంజన్ ఆగి ప్రమాదమంటూ జరిగితే చావో, తీవ్ర గాయాలో అయ్యే అవకాశం రెండు ఇంజన్ల చిన్న విమానాల్లోనే నాలుగు రెట్లు! రెండో ఇంజన్ ఉన్నది ప్రమాదం జరిగే చోటుకు చేర్చడానికేనని పైలట్ల పాత జోకు. (ఒంటి ఇంజన్ అభిమానులు మరీ ఎగరకండి. రాత్రిపూట నల్లమల మీద ఆ ఉన్నదొక్కటీ ఆగితే, నాకు రెండోదే కావాలి.)

మన దుండిగల్ సంగతి విన్నారా? ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కుర్ర పైలట్లకు ఓనమాలు నేర్పిన హెచ్‌పీటీ-32 దీపక్‌కు ఒక్కటే ఇంజన్. గాల్లో ఆగిపోయే జబ్బు వదలక 2009లో పక్కన పెట్టేశారు. దాని బదులు 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ విమానం దిగింది. దానికెన్ని ఇంజన్లు? ఒక్కటే! కాకపోతే అది టర్బోప్రాప్, అంటే టర్బైన్‌తో తిరిగే పంఖా. ఇక మరీ ముంచుకొస్తే సీటు పైలట్‌తో సహా బయటికి ఎగిరిపోతుంది.

మీకు తెలుసా? 1958-59లో లాస్‌వెగాస్‌లో ఇద్దరు ఓ సెస్నా 172ని 64 రోజుల 22 గంటల 19 నిమిషాలు దించకుండా నడిపారు. పెట్రోలు? కింద పరిగెత్తే లారీ నుంచి! పాపం, ఆ ఒంటి ఇంజన్‌కు ఆదివారం సెలవైనా లేదు.

సెస్నా 337కేమో ఒక ఇంజన్ ముక్కున, ఇంకొకటి వెనకాల. ఒకటి ఆగినా పక్కకు లాగదు. ఎంత నిమ్మళంగా ఉంటుందంటే, వెనకది ఆగిపోయిందని తెలియకుండానే టేకాఫ్‌కు పరుగుతీసిన పైలట్లున్నారు! బయల్దేరే ముందు ఇంజన్లు లెక్కపెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?